గడి దాటిన గీత
(కడపలో బొమ్మలు నేర్చుకునే యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. ప్యాడ్లు పట్టుకుని వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు ఇంకో నమస్కారం.

కామిక్స్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను కొంచెం పక్కకు జరిగి, కామిక్స్ వేసేవాడు కామిక్స్ కాకుండా ఇంకేమేం వేస్తాడో చెప్తాను. గడులు గీసి కథ చెప్పడం ఒక్కటే నమ్ముకుంటే తెలుగులో ఇల్లు గడవదు. కథలకు బొమ్మలు, పుస్తకాలకు అట్టలు, శుభలేఖలు, ప్రకటనలు, సినిమా స్కెచ్చులు... నాలుగు డబ్బులు వచ్చేది వీటితోనే. కూటి కోసం చేసే పని అని వీటిని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నాకైతే గడి లోపల నేర్చిన విద్యకు అసలు పరీక్ష గడి బయటే అనిపిస్తుంది.

తెలుగువాళ్ల మధ్య ఈ మాట ఎత్తితే బాపుతో మొదలుపెట్టక తప్పదు. 1933లో నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ మద్రాసులో లా చదివి, ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు. తర్వాత ఆ గీత ఎక్కడెక్కడికి పోయిందో చూడండి. ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగుకు రూపం ఇచ్చింది ఆయనే. బుడుగు అనగానే మనకు బాపు వేసిన పిల్లాడే కనిపిస్తాడు, ఇంకో మొహం పెట్టి చూడండి, కుదరదు. నవలల అట్టలకైతే లెక్కే లేదు. 1967లో సినిమాల్లోకి వెళ్లాక కూడా పెన్ను వదల్లేదు. షాట్లకు ముందే బొమ్మలు వేసుకునేవారు. అంటే కాగితం మీది గడి వెళ్లి కెమెరా ముందు కూర్చుంది. ఇక చేతిరాత ఏకంగా ఫాంట్ అయిపోయింది. మీ ఇంట్లో శుభలేఖల కట్ట ఉంటే ఒకసారి విప్పండి, ఆయన అక్షరాలతో ఒకటైనా దొరుకుతుంది.

ఎవరైనా కోప్పడితే పడండి గానీ, నాకు బాపు బొమ్మకన్నా బాపు అక్షరం మీదే ఎక్కువ ఇష్టం. కార్టూనిస్టు మాటను కూడా బొమ్మ గీసిన పెన్నుతోనే రాస్తాడు. అక్షరం ఎక్కడ లావెక్కాలి, ఎక్కడ సన్నబడాలి, పక్కన ఎంత తెలుపు వదలాలి అన్నది రోజూ చేసే పనిలోనే చేతికి పడుతుంది. అట్టమీద పేరు రాయడానికి వేరే మనిషిని వెతుక్కునే ఆర్టిస్టుకు ఈ సుఖం తెలియదు.

ఆ రోజుల గీత అంత తేటగా ఉందంటే మనిషి ప్రతిభతో పాటు జింకు బ్లాకుకు కూడా కొంత పేరివ్వాలి. అప్పట్లో పత్రికలు లెటర్‌ప్రెస్‌లో అచ్చయ్యేవి. బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీదికి దించి, గీతలు తప్ప మిగతా లోహాన్ని యాసిడ్‌తో తినిపించేవాళ్లు. లైన్ బ్లాకు అంటే అదే. దానికి నలుపు తెలుసు, తెలుపు తెలుసు, మధ్యలో బూడిదరంగు తెలియదు. బూడిదరంగు కావాలంటే హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. దానికి ఖర్చెక్కువ, పైగా నాసిరకం కాగితం మీద మురికిమురికిగా పడేది. అందుకని నీడను కూడా గీతల్లోనే చెప్పాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. బొమ్మను అచ్చయ్యే సైజుకన్నా పెద్దగా వేసి, బ్లాకులో తగ్గించేవాళ్లు. తగ్గితే చేతి వణుకు సర్దుకుంటుంది, బాగానే ఉంటుంది. కానీ దగ్గరదగ్గరగా గీసిన సన్నగీతలు ఒకదానికొకటి అతుక్కుని మచ్చ అయిపోతాయి. తగ్గాక ఏం మిగులుతుందో లెక్కేసుకునే పెన్ను పెట్టాలి. ఇవాళ మీకు బ్లాకుల బాధ లేదు, ట్యాబ్లెట్లో కోరినన్ని రంగులున్నాయి. అయినా జనం మీ బొమ్మను చూసేది ఫోన్లో, బొటనవేలంత సైజులో. తగ్గింపు మళ్లీ వచ్చింది చూడండి. తెరమీద బొమ్మను పదింతలు పెద్దది చేసుకుని కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే గీసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. కామిక్స్‌లో ఒక గడి తర్వాత ఇంకో గడి ఉంటుంది. కొట్టడానికి చెయ్యెత్తడం ఒక గడి, దెబ్బ ఒక గడి, ఏడుపు ఒక గడి. కథకు వేసే బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. ఉన్నది ఒక్క బొమ్మ, పట్టుకోవాల్సింది ఒక్క క్షణం. ఏ క్షణం? కొత్తవాళ్లు చాలామంది కథలో అన్నిటికన్నా పెద్ద సంఘటన మీద పడతారు. హత్య ఉంటే హత్య, పెళ్లి ఉంటే పెళ్లి. పత్రిక తెరిచిన మనిషి ముందు చూసేది బొమ్మనే కదా. రచయిత ఆఖరిదాకా దాచుకున్నదాన్ని మనం మొదటి పేజీలోనే బయటపెట్టేస్తే ఆయన ఉసురు తగలదా?

లేపాక్షి వెళ్లండి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు, నా నోటికి ఇంకా అనంతపురమే వస్తుంది. విజయనగరపు అచ్యుతరాయల కాలం నాటి వీరభద్రస్వామి గుడి. మంటపం కప్పు కింద మెడ పట్టేసేదాకా నిలబడండి. కథలు పొడుగాటి పట్టీల్లో నడుస్తుంటాయి. గడులు గీయని కామిక్స్ అనుకోండి. అందులో మనునీతి చోళుడి కథ ఉంది. రాకుమారుడి రథం కింద దూడ పడి చచ్చిపోతుంది. ఆవు వచ్చి రాజు గారి గంట కొడుతుంది. రాజు సొంత కొడుక్కి అదే శిక్ష వేస్తాడు. పట్టీ వేసే చిత్రకారుడు కథంతా నడిపించగలడు. మనకు ఆ కథకు జానెడు చోటే ఇచ్చారనుకుందాం. ఏం వేస్తారు? రథచక్రమా? నేనైతే ఆవు గంట తాడు దగ్గరికి వస్తున్న క్షణం వేస్తాను. జరగాల్సిన ఘోరం జరిగిపోయింది, రాజు ఏం చేస్తాడో ఇంకా తేలలేదు. రాజుగారి వాకిట్లో ఆవుకేం పని అని చదివేవాడు కథలోకి దిగుతాడు. మన పని అంతవరకే.

క్షణం దొరికాక చోటు కావాలి. మన సీమ కథలకు బొమ్మలు చాలాకాలం మద్రాసులోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్లు వేశారు. మంచి చేతులే, కాదనను. కానీ వానలేక వేరుశనగ మాడిపోయిన రైతు కథ పక్కన కొబ్బరిచెట్లు, కాలవగట్టు కనబడితే ఎట్లా ఉంటుంది? మన పల్లెల్లో పాత ఇల్లంటే మట్టిమిద్దె. కప్పు బల్లపరుపుగా ఉంటుంది, పైన చౌడుమన్ను పరుస్తారు. లోపల కిటికీలు తక్కువ, వెలుతురు కోసం కప్పులోనే గవాక్షి వదులుతారు. మిట్టమధ్యాహ్నం అందులోంచి ఎండ నిలువుగా దిగి నేలమీద మూరెడు చోటులో పడుతుంది. ఇంకుతో వేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? గదంతా నలుపు పూసేయండి. ఎండ దిగే చోట కాగితాన్ని ముట్టుకోవద్దు. ఆ వెలుగు అంచున ఒక ముసలమ్మ చెయ్యి, చేతిలో చేట, చేటలో నాలుగు శనక్కాయలు. మొహం చీకట్లోనే ఉండనివ్వండి. ఆమె ఎవరో రచయిత చెప్తాడు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపబండలు నిలువునా పాతి కంచె కడతారు. ఆ బండల వరస ఒక్కటి గీస్తే చాలు, ఊరి పేరు రాయక్కర్లేదు.

చోటును నిలబెట్టడంలో ఆర్.కె. లక్ష్మణ్ దగ్గర నేర్చుకోవాలి. రోజూ పత్రికలో కామన్ మ్యాన్ కార్టూన్ గీసిన చెయ్యే, అన్న ఆర్.కె. నారాయణ్ మాల్గుడి కథలకు బొమ్మలు వేసింది. ఏ మ్యాపులోనూ లేని ఊరు అది. అయినా దాని అరుగులు, వీధులు మనం చూసొచ్చినట్టే ఉంటాయి. 1954లో ఏషియన్ పెయింట్స్ కోసం గట్టు అనే పిల్లాణ్ని గీసిందీ ఆయనే. జుట్టు కళ్లమీద పడ్డ తుంటరి, చేతిలో రంగు డబ్బా, బ్రష్షు. చదువు రాకపోయినా ఆ పిల్లాణ్ని చూసి ఆ కంపెనీ రంగు అడగొచ్చు.

మీలో చాలామంది 'సార్, నాకింకా ఒక స్టైల్ కుదర్లేదు' అని బెంగపడుతుంటారు. ఫ్రాన్సులో జిరో అనే ఆర్టిస్టు కౌబాయ్ కామిక్స్‌కు జిర్ అని సంతకం పెట్టేవాడు, అక్కడ కుంచెతో దిట్టమైన గీత. సైన్స్ ఫిక్షన్‌కు మోబియస్ అని సంతకం, అక్కడ సన్నటి పెన్ను. చెయ్యి ఒకటే. 1979లో ఏలియన్ సినిమాకు వ్యోమగాముల సూట్లు రూపొందించిందీ, 1982లో ట్రాన్‌కు డిజైన్లు ఇచ్చిందీ ఆయనే. పనిని బట్టి గీత మారితే మారనివ్వండి.

అంతదూరం ఎందుకు, ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాటకు రాత్రిళ్లు జనం కూర్చోవడం తగ్గాక, ఆ కుటుంబాలు అదే మేకతోలు మీద అవే రంగులు, అవే చిల్లులతో ల్యాంప్‌షేడ్లు చేయడం మొదలుపెట్టాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు దీపం బొమ్మ వెనక ఉండేది, ఇప్పుడు బొమ్మ లోపలికి వెళ్లింది. పైగా గుండ్రటి షేడుకు ముందూ వెనకా ఉండవు, ఏ వైపు నుంచి చూసినా బొమ్మ అక్కడే మొదలైనట్టు ఉండాలి. కుదిరితే వెళ్లి వాళ్ల పక్కన ఒక పూట కూర్చోండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, సభల్లో దీన్ని ఎందుకో ఎవరూ ఎత్తరు. నేనొక నవలకు వేసిన అట్టబొమ్మలో సగం కోసి, ఒక ప్రచురణకర్త ఇంకో పుస్తకానికి వాడుకున్నాడు. అడిగితే 'మీ బొమ్మకు ప్రచారమే కదండీ' అన్నాడు! 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసి సంతకం చేయాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఉద్యోగంలో ఉండి వేసినవాటికీ, ఎవరైనా డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగుకూ 17వ సెక్షన్‌లో లెక్క వేరుగా ఉంది. అక్కడ ముందే ఒప్పందం లేకపోతే హక్కు అవతలివాళ్లకు పోవచ్చు. అందుకని ఎంత తెలిసినవాళ్లయినా, పెన్సిల్ పట్టుకోకముందే 'ఈ ఒక్క పుస్తకానికి, ఈ ఒక్క ముద్రణకు' అని రాయించుకోండి. ఒరిజినల్ తిరిగి ఇవ్వాలని కూడా అందులోనే రాయండి. మొహమాటపడొద్దు.

ఇంక ప్యాడ్లు తీయండి. కథ చిన్నదే. ఎండాకాలం, పెన్నలో నీళ్లు లేవు. తాత, మనవరాలు ఖాళీ బిందె తీసుకుని ఇసుకలోకి దిగుతారు. తాత చెలమ తవ్వడం మొదలుపెడతాడు. చాలాసేపు తవ్వాక నీళ్లు పడతాయి, కానీ ఆ బిందె వాళ్ల ఇంటికి చేరదు. మీకు ఒక్కటే బొమ్మ, నలుపు తెలుపుల్లో, పోస్టుకార్డులో సగం సైజు. అరగంట టైమిస్తున్నా. బిందె ఏమైందని నన్ను అడక్కండి, రబ్బర్లు మాత్రం ఈ బల్లమీద పెట్టేసి పోండి.