తాలూకా పేరు పోకుండా శాసనాలను కలపడం
(ఒంగోలు గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, గ్రంథాలయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞుణ్ణి. సమయం తక్కువ కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు భాగాలుగా వెలువరించిన నెల్లూరు జిల్లా శాసనాలు తాలూకాల వారీగా ఉంటాయి. ప్రతి తాలూకాకూ వరుస సంఖ్య మళ్ళీ ఒకటి నుంచే మొదలవుతుంది. 1970లో ప్రకాశం జిల్లాకు వచ్చిన ఒంగోలు, పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాల శాసనాలూ వాటిలోనివే. వివరాలను ట్యాగులనే పేరు గుర్తుల మధ్య ఉంచి రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో, తాలూకాకు ఒక ఫైలు చొప్పున వాటి వివరాలు ఎక్కించి, అన్నింటినీ శక సంవత్సరాల క్రమంలో ఒకే పట్టికగా చూడాలని ఆశపడ్డాను.

ఇక్కడ నా బాధ చెప్పుకోవాలి. ఆ పని ఒప్పుకున్నవారు ఫైళ్ళను ఒకదాని కింద ఒకటి అతికించారు. ఎక్స్‌ఎంఎల్ పత్రంలో అన్నింటినీ చుట్టి ఉండే పై ట్యాగు ఒక్కటే ఉండాలి కనుక ఆ ఫైలు తెరుచుకోలేదు. తెరిపించడం కోసం ప్రతి తాలూకా పై ట్యాగునూ చెరిపేశారు. తాలూకా పేరు ఉన్నది ఆ ట్యాగులోనే! ఏది ఒంగోలు 12, ఏది పొదిలి 12 అని చెప్పే ఆధారం పోయింది. పుస్తకం పక్కన పెట్టుకొని ఒక్కొక్క శాసనాన్నీ సరిచూడడానికి నాకు రెండు వేసవులు పట్టింది.

ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళను కోరిన రూపంలోకి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. 1999 నవంబరు 16న ప్రమాణంగా వెలువడిన దాని తొలి రూపంలోనే దీనికి మార్గం ఉంది. ఫైళ్ళ పేర్లతో ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ జాబితా రాసి, ఆ పేర్లను డాక్యుమెంట్ అనే ఫంక్షన్‌కు అందిస్తే అన్ని ఫైళ్ళనూ అదే తెరుస్తుంది. ఒక్కొక్క శాసనాన్నీ తీసుకొని పని చేసే ఫర్-ఈచ్ అనే ఆదేశం లోపల, వరుస పేర్చే సార్ట్ అనే ఆదేశం పెడితే శాసనాలు కోరిన క్రమంలో వస్తాయి. అలా వచ్చినా ప్రతి శాసనమూ తన సొంత ఫైలుతో సంబంధం తెంచుకోదు కనుక, దాని పై ట్యాగు నుంచి తాలూకా పేరును తెచ్చుకోవచ్చు. విద్యార్థులారా, దయచేసి రాసుకోండి: ఫలితంలో ప్రతి శాసనం పక్కనా తాలూకా పేరు రాయించండి.

సార్ట్‌కు డేటా-టైప్ నంబర్ అని చెప్పడం మరవకండి. చెప్పకపోతే సంవత్సరాలను అక్షరాల్లా పోల్చి, శకం 1072 నాటి శాసనాన్ని శకం 965 నాటి దానికంటే ముందు పెడుతుంది. చరిత్ర చదివేవారికి ఇంతకంటే అపకారం లేదు. సంవత్సరం చెక్కని శాసనాలను వేరొక ఫర్-ఈచ్‌తో చివర రాయించాలి.

కనిగిరి ఫైలు సరిచూడడం ఇంకా మిగిలి ఉంది. ఇద్దరు తోడుంటే చాలు. వీలున్నవారు సభ ముగిశాక ఈ బల్ల దగ్గరకు రండి, మూడు సంపుటాలూ నా సంచిలోనే ఉన్నాయి.