ముందు ఏ పార్టు పోయిందో తెలియాలి

అందరికీ నమస్కారం.

ఇంట్లో ఒక వస్తువు ఆగిపోగానే మన నోట వచ్చే మొదటి మాట, "బాగుచేయిద్దామా, కొత్తది కొందామా?" ఆ ప్రశ్న అప్పుడే వేసుకోవద్దని చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. దానికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఏం పోయింది? "వాషింగ్ మెషీన్ పోయింది" అంటే అది జవాబు కాదు. అందులో ఏ పార్టు పోయిందో పేరుతో సహా తెలియాలి.

ఈ సంగతి నాకు నష్టపోయాకే తెలిసింది. కొన్నేళ్ల కిందట మా ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ వెనకవైపు చెవి పెట్టి విని, కంప్రెసర్ (గ్యాస్‌ని ఒత్తి గొట్టాల్లో తిప్పే మోటారు) పోయింది, ఇంక దీనిమీద పెట్టే డబ్బు దండగ అన్నాడు. నమ్మాం. పాతది ఇచ్చేసి కొత్తది కొన్నాం. పాతదాన్ని తీసుకెళ్లిన మనిషి కొన్నాళ్లకు కనిపించి, స్టార్టింగ్ రిలే ఒక్కటి మారిస్తే చక్కగా నడుస్తోందని చెప్పాడు. రిలే అంటే కంప్రెసర్‌కి పక్కన తగిలించి ఉండే చిన్న ముక్క. మోటారు కదలడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు క్షణాలు దానికి అదనపు ఊపు అందిస్తుంది. అది పోతే కంప్రెసర్ కాస్త మూలిగి, టిక్కుమని ఆగిపోతుంది. కాసేపాగి మళ్లీ అదే వరస. కంప్రెసర్ నిజంగా పోయినా చాలాసార్లు ఇలాగే వినిపిస్తుంది. చెవికి తేడా తెలియదు, కరెంటు పరీక్షించే మీటరుకి తెలుస్తుంది. ఆ మీటరు పెట్టి చూడమని నేను అడగలేదు. పదేళ్లయినా నిండని ఫ్రిజ్‌ని అలా వదులుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను, చూసి చెప్పడానికి విడిగా డబ్బు ఇవ్వండి. "చూసినందుకు ఇంత, చేయిస్తే ఇంత" అని ముందే మాట్లాడుకోండి. పార్టు అమ్మితేనో, వస్తువు మార్పిస్తేనో తప్ప తన శ్రమకు ఏమీ దక్కదనుకునే మనిషి దగ్గర నికార్సైన మాట ఆశించడం అతనికీ అన్యాయమే.

సీలింగ్ ఫ్యాన్ నెమ్మదించిందంటే చాలామంది మోటారు పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు పోయేది కండెన్సర్, అంటే మోటారు తిరగడానికి సాయపడే చిన్న కెపాసిటర్. కాలం గడిచేకొద్దీ దాని సామర్థ్యం తగ్గిపోతుంది, రెక్కలు ఈసురోమంటూ తిరుగుతాయి. అది చవకైన పార్టు. మిక్సీ ఉన్నట్టుండి ఆగితే దాన్ని తిరగేసి అడుగున ఉన్న ఓవర్‌లోడ్ బటన్ నొక్కి చూడండి. అదీ కాకపోతే కార్బన్లు, అంటే తిరిగే మోటారుకి ఆనుకుని కరెంటు అందించే చిన్న ముక్కలు, అరిగిపోయి ఉండొచ్చు. అవి అరగడానికే పెట్టినవి, మార్చడానికే పెట్టినవి. లోపల వైండింగ్ (మోటారులో చుట్టిన తీగ) కాలి మాడు వాసన వస్తేనే కొత్తదాని గురించి ఆలోచించాలి. వాషింగ్ మెషీన్‌లో నీళ్లు బయటికి పోవడం లేదంటే ముందు ఫిల్టర్ తీసి చూడండి. గుండీలు, పిన్నులు, నాణేలు అక్కడే చేరతాయి.

కానీ అదే మెషీన్ బట్టలు పిండేటప్పుడు విమానంలా హోరెత్తుతోందంటే సంగతి వేరు. చాలావరకు బేరింగ్ పోయినట్టే. బేరింగ్ ఖరీదు చిన్నదే. కానీ దాన్ని చేరుకోవాలంటే టబ్ విప్పాలి. ఈమధ్య చాలా మోడళ్లలో ఆ టబ్ రెండు సగాలనూ విప్పడానికి వీల్లేకుండా అతికించేస్తున్నారు. చిన్న పార్టు కోసం టబ్ మొత్తం మార్చాలి. ఇలాంటి చోట నాకు కోపం వస్తుంది. వస్తువు ఎంతకాలం బతకాలో దాన్ని తయారుచేసేటప్పుడే ఎవరో నిర్ణయించేశారు. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి ఒక నిబంధన ఉంది. వాషింగ్ మెషీన్ మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ముఖ్యమైన స్పేర్ పార్టులు 10 ఏళ్లపాటు దొరికేలా కంపెనీలు చూడాలి. ఫ్రిజ్‌లలో థర్మోస్టాట్, బోర్డు లాంటివాటికి 7 ఏళ్లు, తలుపు రబ్బరుకి 10 ఏళ్లు. మనం కొనేటప్పుడు రంగు, డిస్‌ప్లే చూసినంత శ్రద్ధగా "దీని పార్టులు ఎన్నేళ్లు దొరుకుతాయి?" అని అడగడం అలవాటు చేసుకోవాలి.

గ్యాస్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఫ్రిజ్‌లోనైనా ఏసీలోనైనా చల్లబరిచే గ్యాస్ ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ నింపి వెళ్లిపోతే మళ్లీ మొదటికే వస్తాం. లీకు బయట కనిపించే జాయింటులో ఉంటే బాగుచేయించండి. ఫ్రిజ్ గోడల లోపలి గొట్టంలో ఉంటే వదిలేయడమే మంచిది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఏ మండే గ్యాస్ కాబట్టి, ఆ పని తెలిసినవాళ్లే చేయాలి.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనాలని ఒక లెక్క చెబుతుంటారు. నాకు అది సరిపోదనిపిస్తుంది. మూడేళ్ల వస్తువుకీ పదిహేనేళ్ల వస్తువుకీ ఒకే కొలత ఎలా పనికొస్తుంది? పైగా అందులో కరెంటు లెక్క లేదు. 75 వాట్ల పాత ఫ్యాన్ రోజుకు 12 గంటలు తిరిగితే ఏడాదికి దాదాపు 328 యూనిట్లు కాలుతుంది. తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం మోటారు ఉన్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 131 యూనిట్లు చాలు. కాబట్టి రోజంతా నడిచే పాత ఫ్యాన్‌లో వైండింగ్ కాలిపోతే మళ్లీ చుట్టించకండి. అదే ఫ్యాన్ ఎవరూ ఉండని గదిలో అప్పుడప్పుడు తిరిగేదైతే ఈ లెక్క తిరగబడుతుంది. ఇస్త్రీపెట్టె, కెటిల్ లాంటివి ఎంత పాతవైనా కరెంటు పేరు చెప్పి మార్చాల్సిన అవసరం లేదు. వేడి చేసే పనిలో కొత్తది పెద్దగా ఆదా చేసేది ఏమీ ఉండదు.

ఒక హెచ్చరిక. మైక్రోవేవ్ ఓవెన్‌ని ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉండొచ్చు.

కొత్త ఫ్రిజ్ కొన్నవాళ్లు చాలామంది పాతదాన్ని ఇంకో గదిలో పెట్టి నడుపుతుంటారు. రెండూ నడిస్తే కొత్తది ఆదా చేసిన కరెంటును పాతది తినేస్తుంది. అలాగని ఆపేసి ఆరుబయట పెడితే అంతకంటే పెద్ద ప్రమాదం. గొళ్లెం ఉన్న పాతకాలం ఫ్రిజ్‌లలో దాక్కోబోయి పిల్లలు ఊపిరాడక చనిపోయారు. అందుకే అమెరికాలో 1956లో లోపలినుంచి తోసినా తెరుచుకునేలా తలుపులు ఉండాలని చట్టం చేశారు. ఇప్పటి తలుపులు అయస్కాంతంతో మూసుకుంటాయి, నిజమే. అయినా మీ ఫ్రిజ్‌ని తీసుకెళ్లడానికి రేపు ఎవరో వస్తారంటే, ఈ రాత్రే దాని తలుపు ఊడదీసి గోడకు ఆనించి ఉంచండి.