కన్‌ఫ్యూజ్డ్ కాదు అబ్బాయ్, ఆన్ ద ఫెన్స్

[ఒంగోలు, కర్నూలు రోడ్డు. వెనక ట్రాఫిక్. మాట్లాడే మనిషి కెమెరాకి దగ్గరగా]

ఇంటర్ అయిపోయిన పిల్లల్ని ఎవర్నైనా ఆపి, ఇక్కడే చేరతావా చెన్నై వెళ్తావా అని అడగండి. ఇంగ్లీషులో చెప్పమంటే చాలామంది నోట వచ్చేది ఒకటే, "ఐ యామ్ కన్‌ఫ్యూజ్డ్". మన మధ్య అయితే నడిచిపోతుంది. బయటివాళ్లకి మాత్రం దీనికి విషయమే అర్థం కాలేదేమో అనిపిస్తుంది, ఎందుకంటే కన్‌ఫ్యూజ్డ్ అనగానే వాళ్లకి ముందు తోచేది ఆ అర్థమే. నీకు ఫీజు తెలుసు, హాస్టల్ తెలుసు, అమ్మ రెండ్రోజులు అన్నం తినదనీ తెలుసు, అన్నీ తెలిసే తేల్చుకోలేకపోతున్నావు కదా. దానికి సరిపోయే మాట ఆన్ ద ఫెన్స్.

స్క్రీన్ మీద: ఐయామ్ ఆన్ ద ఫెన్స్.

ఫెన్స్ అంటే కంచె. మన చేలకి వేసే చిల్లకంప కంచె ఊహించుకోకండి, దాని మీద ఎవరూ కూర్చోలేరు! అమెరికాలో పొలాల చుట్టూ అడ్డకర్రలతో కడతారే, అది. కాలు అటు వేస్తే ఒకరి పొలం, ఇటు వేస్తే ఇంకొకరిది.

[కట్. నల్లరేగడి చేను, పక్కన పొగాకు బ్యారన్, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టు]

మా మామది టంగుటూరు దగ్గర పల్లె. అక్టోబరు వచ్చిందంటే ఆయనకి టెన్షన్ మొదలు. పొగాకుకి వేలంలో రేటు పలికితే నాలుగు డబ్బులు కళ్లజూడొచ్చు, కానీ కూలీలు, నారు, బ్యారన్‌లోకి కట్టెలు, ముందే బోలెడు పెట్టుబడి. శనగకి అంత ఖర్చూ లేదు, అంత ఆశా లేదు.

"ఏం మామా, ఈ ఏడు పొగాకా, శనగా?"
"అదే అబ్బాయ్, ఎటూ తేలకుండా ఉంది."

ఇది ఇంగ్లీషులో, హి ఈజ్ ఆన్ ద ఫెన్స్ అబౌట్ గ్రోయింగ్ టొబాకో. అబౌట్ చూశారా, అక్కడే మనవాళ్లు జారేది. "ఆన్ ద ఫెన్స్ టు గ్రో" అనకూడదు. అబౌట్ గ్రోయింగ్ అనండి, లేదంటే అబౌట్ వెదర్ టు గ్రో అనండి. ఇంకోటి, ఎప్పుడూ ద ఫెన్సే. "ఆన్ ఎ ఫెన్స్" అంటే నిజంగానే ఏదో కంచె ఎక్కి కూర్చున్నట్టు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. దీనికి ముందు సిట్ చేరిందంటే రుచి మారిపోతుంది. ఐయామ్ ఆన్ ద ఫెన్స్ అంటే పాపం ఆలోచిస్తున్నాడు. హి ఈజ్ సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్ అంటే చాలాసార్లు దెప్పిపొడుపే, ఎవరి పక్షమో చెప్పకుండా తప్పించుకుంటున్నాడని. అందుకే మీ మేనేజర్ గురించి మాట్లాడేటప్పుడు సిట్టింగ్ తీసెయ్యండి. మన గోడ మీద పిల్లి దీనికి దగ్గరే, కాకపోతే పిల్లి లాభం ఎటుందో చూసి దూకుతుంది, ఈయన దూకడు కూడా.

ఈ మాట పెరిగింది కూడా అమెరికా రాజకీయాల్లోనే, పంతొమ్మిదో శతాబ్దంలో. 1884 అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి జేమ్స్ బ్లెయిన్ నచ్చక, సొంత పార్టీవాళ్లే కొందరు డెమోక్రాట్ గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కి మద్దతిచ్చారు. వాళ్లని మగ్‌వంప్‌లు అని ఎగతాళి చేశారు. కంచె మీద పిట్ట, మగ్ అంటే మొహం ఒకవైపు, వంప్ అంటే వెనకభాగం రెండోవైపు అని తర్వాత జోకు కూడా కట్టారు. నా లెక్కలో అది అన్యాయం, వాళ్లు ఎటో ఒకవైపు దూకేశారు కదా! క్లీవ్‌లాండ్ గెలిచాడు కూడా.

ఇన్ టూ మైండ్స్ అన్నా ఇంచుమించు ఇదే, బ్రిటిష్ వాళ్లు ఎక్కువ వాడతారు. అప్ ఇన్ ది ఎయిర్ మాత్రం మనిషికి కాదు, పనికి. పెళ్లి ముహూర్తం ఇంకా తేలలేదు అంటే, ద డేట్ ఈజ్ అప్ ఇన్ ది ఎయిర్. ఐయామ్ అప్ ఇన్ ది ఎయిర్ అన్నారంటే విమానంలో ఉన్నారేమో అనుకుంటారు.

ఇంటర్వ్యూలో "బెంగళూరు వెళ్తారా" అని అడిగితే ఐయామ్ ఆన్ ద ఫెన్స్ అనకండి, వీడు రాడులే అనుకుంటారు. ఐయామ్ ఓపెన్ టు ఇట్, అని జీతం సంగతి అడగండి.

[మళ్లీ చేను]

మామ చివరికి ఏం చేశాడంటే, సగం పొలం పొగాకు, సగం శనగ. అయితే ఇంకా ఆన్ ద ఫెన్సేనా అంటారేమో, కాదు. తేల్చుకున్నాడు, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుందని పంచి పెట్టాడు. దానికి ఇంగ్లీషులో వేరే మాట, హి ఈజ్ హెడ్జింగ్ హిజ్ బెట్స్. హెడ్జ్ అన్నా కంచే, మొక్కలతో పెంచేది. ఈ ఇంగ్లీషువాళ్లకి కంచెలతో ఏం గొడవో మరి!