గాలిలో నుంచి మంచు మీదికి: రికా కిహిరా ఐస్ డాన్స్ ప్రయాణం

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

షింగో నిషియామా అనే స్కేటర్‌తో జతకట్టి, ఇకపై మంచు మీద జంటగా నృత్యం చేసే ఐస్ డాన్స్‌లో పోటీపడతానని జపాన్ ఫిగర్ స్కేటర్ రికా కిహిరా 2025 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు, ఆ వార్త చదివిన నాకు మొదట కలిగింది జాలి. గాయం వల్ల దూకలేని స్థితికి వచ్చిన ఒక గొప్ప క్రీడాకారిణి, మంచును పూర్తిగా వదులుకోలేక, తేలికైన విభాగంలో తలదాచుకుంటోందని అనుకున్నాను. ఆ ఆలోచన తప్పని నాకు తెలిసి రావడానికి కొంతకాలం పట్టింది. అది ఎందుకు తప్పో మీతో పంచుకోవాలనే ఈ సాయంత్రం మాట్లాడుతున్నాను.

కిహిరా 2002లో, హ్యోగో రాష్ట్రంలోని నిషినోమియాలో పుట్టింది. జూనియర్‌గా ఉన్నప్పుడే, ట్రిపుల్ ఆక్సెల్ అనే దూకు వెంటనే ట్రిపుల్ టో లూప్ అనే మరో దూకు కలిపి అంతర్జాతీయ పోటీలో దూకిన తొలి మహిళగా పేరు తెచ్చుకుంది. ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ దూకే దూకు కాబట్టి, పేరుకు మూడు చుట్లైనా నిజానికి గాలిలో మూడున్నర చుట్లు తిరగాలి. 2018లో సీనియర్ విభాగంలో అడుగుపెట్టిన తొలి సీజన్‌లోనే, సీజన్‌లో మేటి స్కేటర్లు తలపడే గ్రాండ్ ప్రి ఫైనల్‌ను వాంకూవర్‌లో గెలిచింది. అక్కడ షార్ట్ ప్రోగ్రామ్ అనే తొలి, చిన్న ప్రదర్శనలో ఆమెకు వచ్చిన 82.51 పాయింట్లు అప్పటికి ప్రపంచ రికార్డు. ఆ తర్వాత వరుసగా రెండేళ్లు, యూరప్ బయటి ఖండాల స్కేటర్లు ఆడే ఫోర్ కాంటినెంట్స్ టైటిల్, రెండుసార్లు జాతీయ టైటిల్ గెలుచుకుంది. 2020 డిసెంబరులో నగానోలో జరిగిన జాతీయ పోటీలో నాలుగు చుట్ల సాల్కావ్ అనే దూకును కూడా నిలబెట్టింది.

వాంకూవర్‌లో ఆమె చేసిన ఫ్రీ స్కేటింగ్‌లోని, అంటే రెండో, పొడవైన ప్రదర్శనలోని ఒక ఘట్టాన్ని మీరు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను, ఎందుకంటే నా వాదనంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మొదటి ట్రిపుల్ ఆక్సెల్ చెడింది, చేతులు మంచుకు తగిలాయి, దానికి జతచేయవలసిన రెండో దూకు చేయడం కుదరలేదు. పదహారేళ్ల ఆ అమ్మాయి, పాట సాగుతుండగానే లెక్క సరిచేసుకుని, పోయిన జతను రెండో ఆక్సెల్‌కు తగిలించి, ఆ తర్వాత ఎక్కడా తడబడకుండా పోటీ గెలిచింది. ఒంటరిగా ఆడే సింగిల్స్ విభాగం ఇచ్చే గొప్ప స్వేచ్ఛ అదే: మంచు మీద ఉన్నది ఒక్కరే కాబట్టి, నిర్ణయం మార్చుకున్నా ఎవరికీ చెప్పనవసరం లేదు.

2021 వేసవిలో ఆమె కుడి చీలమండ దెబ్బతిన్నది. దూకి దిగే ప్రతిసారీ శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం ఒకే కాలి మీద, అదీ సన్నని ఉక్కు బ్లేడు మీద పడుతుంది. రోజుకు పదుల సార్లు, ఏళ్ల తరబడి ఆ భారాన్ని మోసిన ఎముక ఒకనాటికి ఎదురు తిరుగుతుంది. బీజింగ్ ఒలింపిక్స్ చేజారాయి. 2022లో తిరిగి వచ్చి, ఆ ఏడాది జాతీయ పోటీలో 11వ స్థానంలో నిలిచింది. ఆ తర్వాతి రెండు సీజన్లు పెద్ద పోటీల్లో ఆడలేకపోయింది.

ఇక ఐస్ డాన్స్ సంగతి. ఇది 1976 ఇన్స్‌బ్రుక్ నుంచి ఒలింపిక్ విభాగంగా ఉంది. ఇందులో చుట్ల దూకుల పోటీ ఉండదు, భాగస్వామిని విసిరే దూకులు నిషిద్ధం, తలపైకి చేతులు చాచి ఎత్తడం కూడా నిషిద్ధం. ఇవన్నీ లేవు కాబట్టి సులువని అనుకోవడం దగ్గరే నాలాంటివాళ్లు పొరబడతారు. స్కేటు బ్లేడు అడుగున సన్నని గాడి ఉంటుంది. దానికి రెండు వైపులా లోపలి అంచు, వెలుపలి అంచు. ఐస్ డాన్స్ అంటే ఆ రెండు అంచుల విద్య. శరీరాన్ని ఎంత లోతుగా వాల్చారు, ఒక అంచు మీద నుంచి మరో అంచు మీదికి ఎంత శుభ్రంగా మారారు, ఆ మార్పు తాళం మీద సరిగ్గా పడిందా లేదా అన్నది న్యాయనిర్ణేతలు చూస్తారు. సింగిల్స్‌లో రెండు దూకుల మధ్య దారిగా ఉండే అడుగులు ఇక్కడ అసలు విషయమవుతాయి.

పనిముట్టు కూడా మారుతుంది. పక్కనున్నవారి బ్లేడును తొక్కకుండా ఉండేందుకు డాన్స్ బ్లేడు మడమ వైపు పొట్టిగా ఉంటుంది. చీలమండ బాగా వంగేందుకు బూటు మెత్తగా ఉంటుంది. ఇన్నాళ్లూ వెనుక ఆసరాగా నిలిచిన ఆ కొద్దిపాటి ఉక్కు లేకపోవడంతో, మొదట్లో వెనక్కి తూలిపోతారు. చిన్నప్పటి నుంచి ఒంటపట్టిన సమతూకాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

అన్నింటికన్నా కష్టమైనది ట్విజిల్ అని నా అభిప్రాయం. ఒంటికాలి మీద వేగంగా తిరుగుతూ ముందుకు సాగిపోవడాన్ని ట్విజిల్ అంటారు. ఇద్దరూ ఒకరినొకరు తాకకుండా, ఒకే వేగంతో, ఒకే దూరంలో, ఒకే క్షణంలో మొదలుపెట్టి ఒకే క్షణంలో ముగించాలి. ఒకరు అరచుట్టు వెనకబడితే ఆ తేడా గ్యాలరీ చివరి వరుసకు కూడా కనిపిస్తుంది. వాంకూవర్‌లో కిహిరా చేసిన సర్దుబాటు ఇక్కడ పనికిరాదు. ఆమె ఒక్కతే మనసు మార్చుకుంటే జంట విడిపోతుంది. తప్పు జరిగినా ఇద్దరూ ఒకే ఊపిరితో దాన్ని దాటాలి. ఒంటరిగా ఆలోచించడంలో ఆరితేరిన మనిషి ఇద్దరుగా ఆలోచించడం నేర్చుకోవాలి. ఈ మార్పు కాళ్లకన్నా మనసుకే ఎక్కువ శ్రమ.

ఈ దారిలో ఆమెకన్నా ముందు నడిచినవారిలో పెద్ద పేరు దైసుకే తకహాషిది. 2010 వాంకూవర్‌లో కాంస్యం గెలిచి, ఫిగర్ స్కేటింగ్‌లో ఒలింపిక్ పతకం సాధించిన తొలి జపాన్ పురుషుడైన ఆయన, అదే ఏడాది ప్రపంచ విజేత కూడా. 33 ఏళ్ల వయసులో, సింగిల్స్ నుంచే వచ్చిన కానా మురామొతోతో జతకట్టి, అమెరికాలోని ఫ్లోరిడాలో మరీనా జుయెవా దగ్గర అంచుల పాఠాలు మొదలుపెట్టారు. అన్నట్టు, ఈ జుయెవాతో మనకూ ఒక చుట్టరికం ఉంది: 2010 వాంకూవర్‌లోనే జానపద నృత్య విభాగానికి హిందీ సినిమా పాటలను ఎంచుకుని, భారతీయ నృత్య భంగిమలతో ఆడి, ఆ పోటీలో రజతం గెలిచిన అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్‌ల శిక్షకుల్లో ఆమె ఒకరు. తకహాషి జంట 2020 నవంబరులో జపాన్‌లో జరిగే ఎన్‌హెచ్‌కే ట్రోఫీతో మొదలై, 2022 జనవరిలో ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో జరిగిన ఫోర్ కాంటినెంట్స్‌లో రజతం సాధించింది. 2023లో సైతామాలో జరిగిన ప్రపంచ పోటీలో 11వ స్థానంలో నిలిచి, ఆ ఏడాదే విరమించింది. తాలిన్ రజతాన్ని నేను తకహాషి ఒలింపిక్ కాంస్యం పక్కనే ఉంచుతాను, ఎందుకంటే అది పుట్టుకతో వచ్చిన ప్రతిభకు దక్కినది కాదు, నడివయసులో బడికి వెళ్లి సంపాదించినది.

జపాన్‌కు ఈ విభాగం ఎంత అవసరమో కూడా చెప్పాలి. మావో అసాదా, యుజురు హన్యు వంటి మేటి సింగిల్స్ స్కేటర్లను ఇచ్చిన దేశంలో, ఐస్ డాన్స్ చాలాకాలం ఎవరూ పట్టించుకోని మూలగా మిగిలిపోయింది. పిల్లలందరూ దూకులే నేర్చుకునే కిక్కిరిసిన రింకుల్లో, చేతులు పట్టుకుని పొడవాటి వంపులు గీసే జంటకు చోటు దొరకడమే కష్టం. అబ్బాయిలు దొరకడం ఇంకా కష్టం. కానీ 2014 సోచి నుంచి ఒలింపిక్స్‌లో జట్టు పోటీ వచ్చింది. పురుషులు, మహిళలు, పెయిర్స్ (విసిరే దూకులు, తలపైకి ఎత్తడాలు ఉండే జంటల విభాగం), ఐస్ డాన్స్ అనే నాలుగు విభాగాల పాయింట్లనూ కూడతారు కాబట్టి, ఒక మూల ఖాళీగా ఉంటే మిగిలిన మూడింటి కష్టం వృథా అవుతుంది. బీజింగ్ జట్టు పోటీలో జపాన్‌కు చివరికి దక్కిన రజతంలో మిసాతో కొమత్సుబారా, టిమ్ కోలెటో జంట వాటా ఉంది. టిమ్ అందుకోసమే జపాన్ పౌరసత్వం తీసుకున్నారు.

నిషియామా ఈ విద్యకు కొత్త కాదు. 2020 లోజాన్ యువ ఒలింపిక్స్‌లో, తనూ సింగిల్స్ నుంచే వచ్చిన ఉతానా యోషిదాతో కలిసి ఆడి, దేశాలు కలగలిసిన జట్ల పోటీలో స్వర్ణం పంచుకున్నారు. అంటే ఈ కొత్త జంటలో గురువు పాత్ర కొంత ఆయనది, విద్యార్థి పాత్ర కిహిరాది. రెండుసార్లు జాతీయ విజేతగా నిలిచిన మనిషి, తనకన్నా తక్కువ పతకాలున్న భాగస్వామి చెప్పే దిద్దుబాటును రోజూ వింటూ, చేయి ఎక్కడ పట్టాలో, మోకాలు ఎంత వంచాలో మార్చుకుంటూ పోవడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. కిహిరా పాత ప్రదర్శనలను ఇప్పుడు మళ్లీ చూస్తే, ఆక్సెల్‌కు ముందు మోకాళ్లను మెత్తగా వంచి ఆమె తీసే ఆ పొడవాటి వెలుపలి అంచు మీదే నా చూపు ఆగుతోంది. అప్పట్లో నేను దాన్ని చూడనేలేదు, దూకు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాను.