మిద్దె మీద నీరెక్కి దిగే తొట్టె

మిద్దె తోటలు పెంచుతున్న పెద్దలకు, సోదరీ సోదరులకు నమస్కారం. మట్టి లేకుండా పంట పండించే పద్ధతుల్లో, బజారులో దొరికే సామానుతో మనంతట మనమే అమర్చుకోదగిన ఒక పద్ధతి గురించి ఈ పూట మాట్లాడతాను. పైన కంకర నింపిన తొట్టె, కింద పోషక ద్రావణం ఉన్న టబ్బు, అందులో మునిగి ఉండే చిన్న పంపు, దాన్ని నడిపే టైమర్ ఉంటే చాలు. పంపు నడిచినంతసేపు ద్రావణం తొట్టెలోకి ఎక్కుతుంది. ఆగగానే అదే గొట్టం గుండా టబ్బులోకి దిగిపోతుంది. ఇది నిన్న మొన్నటి వింత కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, సాగుకు పనికివచ్చే నేల దాదాపు లేని అసెన్షన్ దీవిలో, అమెరికా సైన్యం కంకర మడుల్లోనే కూరగాయలు పండించింది.

ఈ ఏర్పాటును చూడవచ్చినవారు నీళ్లు ఎక్కడాన్నే ముచ్చటగా చూస్తారు. నేను మాత్రం నీళ్లు దిగడాన్నే చూడమంటాను. నీరు పైకి వచ్చేటప్పుడు కంకర సందుల్లో నిలవ ఉన్న గాలిని బయటికి నెడుతుంది, దిగేటప్పుడు కొత్త గాలిని వేర్ల దాకా లాగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది, అదే వేడికి వేర్ల శ్వాస మాత్రం పెరుగుతుంది. అందువల్ల మన ఎండల్లో తొట్టె అడుగున నీరు నిలిచిందంటే వేరుకుళ్లు తప్పదు. ఆరుతడి పైర్లు వేసిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి తొట్టెను పంపు గొట్టం ఉన్న వైపుకు కాస్త వాలుగా నిలపండి. అడుగున రెండు రంధ్రాలు చేసి, గొట్టాలు తగిలించే ట్యాంక్ నిపుళ్లు బిగించాలి. ఒకదానికి పంపు నుంచి వచ్చే అర అంగుళం గొట్టం, రెండోదానికి నీరు మితిమీరితే తిరిగి టబ్బులోకి పోయేలా నిలువుగా నిలిపిన అంగుళం గొట్టం. ఈ నిలువు గొట్టం మూతి కంకర పైమట్టానికి రెండు మూడు సెంటీమీటర్లు కిందే ఉండాలి. పైపొర పొడిగా ఉంటే పాచి పట్టదు. నిలువు గొట్టం పంపు గొట్టం కన్నా సన్నగా ఉంటే తొట్టె పొర్లుతుంది, టబ్బు ఖాళీ అవుతుంది, పంపు కాలిపోతుంది. ప్లంబర్లు అలవాటు కొద్దీ పంపు గొట్టానికి, నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెడతారు. దాన్ని దయచేసి పెట్టనివ్వకండి, నీరు దిగవలసిన దారి అదే. కూలర్ పంపు సరిపోతుంది కానీ, పెట్టె మీద రాసిన గరిష్ఠ ఎత్తుకు చేరేసరికి నీటి ధార సున్నా అవుతుంది కనుక, మన తొట్టెకు నీరు ఎక్కాల్సిన ఎత్తుకు రెట్టింపు చూపే పంపును కొనండి. దాని ప్లగ్గుకు ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ రక్షణ తప్పనిసరి.

ఇక బరువు. 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉన్న తొట్టెలో 15 సెంటీమీటర్ల లోతున కంకర పోస్తే 81 లీటర్ల చోటు నిండుతుంది; కంకరే సుమారు 120 కిలోలు. అందుకే దూలం మీదనో, గోడ వారనో పెట్టమంటాను. సందులు సుమారు 40 శాతం ఉంటాయి కాబట్టి పైపొర పొడిగా వదిలితే ఒక తడవకు 30 లీటర్లకు కాస్త తక్కువగా నీరు ఎక్కుతుంది. టబ్బు దానికి రెట్టింపు ఉండాలి. కంకర గ్రానైటుదైతే మంచిది. తాండూరు, పల్నాడు వైపు సున్నపురాయి కంకర దొరుకుతుంది, అది నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత అయిన పీహెచ్‌ను పెంచుతుంది. వెనిగర్ చుక్కలు వేసి చూడండి, బుడగలు వస్తే వద్దు.

పోషకాల్లో కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లు, ఫాస్ఫేట్లతో చిక్కగా కలిపితే తెల్లటి మడ్డి పేరుకుంటుంది. వేర్వేరు డబ్బాల్లో కరిగించి, ఒకటి టబ్బులో బాగా కలిశాకే రెండోది పోయాలి. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య, ఆకుకూరలకు ఈసీ (నీటిలో కరిగిన లవణాలను చూపే కొలత) సెంటీమీటరుకు 1.2 నుంచి 1.8 మిల్లీసీమెన్ల మధ్య ఉంచండి. బోరు నీటికే ఈసీ ఎక్కువగా ఉండే పేటలున్నాయి. పోషకాలు కలపకముందే నీటిని కొలవాలి. వాన నీరు పట్టుకోగలిగితే అంతకు మించింది లేదు.

వేసవి పగళ్లలో రెండు గంటలకొకసారి పావుగంట, రాత్రికి ఒక్కసారి చాలు. కరెంటు పోతే ముళ్ల టైమర్ ఆగిపోయి వేళలు తప్పుతాయి, బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి. తడి కంకర కొన్ని గంటలు ఆదుకుంటుంది, అంతకు మించితే చెంబుతో పోయాలి. రెండు వారాలకొకసారి మార్చే పాత ద్రావణాన్ని మట్టి కుండీల మొక్కలకు పోయవచ్చు.

నారు పెట్టకముందు రెండు రోజులు వట్టి నీటితో నడిపించండి. పంపు ఆగిన పావుగంటలో తొట్టె ఖాళీ కాకపోతే వాలు సరిచేసి మళ్లీ చూడండి. ఆ తర్వాతే పాలకూరో పుదీనానో పెట్టండి. టమాటాకు ఇంతకన్నా లోతైన తొట్టె కావాలి.