పాత స్టేషన్ భవనాలు: ముందు నీళ్ల సంగతి, తర్వాతే గ్రంథాలయం సంగతి

సభకు నమస్కారం.

దేశంలో రైలు పట్టాల మధ్య వెడల్పును ఒకే కొలతకు తెచ్చే ప్రాజెక్ట్ యూనిగేజ్ 1992లో మొదలైనప్పటి నుంచి మన మీటర్ గేజ్ (ఇరుకు పట్టాల) లైన్లు ఒక్కొక్కటిగా బ్రాడ్ గేజ్‌కి (వెడల్పు పట్టాలకు) మారాయి. గుంటూరు–గుంతకల్లు లైను అలా మారిందే, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా ముద్ఖేడ్ వెళ్లే లైనూ అలా మారిందే. పట్టాలు మారిన చోట తరచూ కొత్త స్టేషన్ లేస్తుంది, పాత దానికి తాళం పడుతుంది. ఆ పాత భవనంలో గ్రంథాలయం పెట్టుకోవచ్చా, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఒక హాలు ఇవ్వచ్చా అని ఊళ్లు అడుగుతున్నాయి. నిక్షేపంగా పెట్టుకోవచ్చు. 1856లో తెరిచిన చెన్నై రాయపురం స్టేషన్‌ను 2005లో బాగుచేశారు. 1916 నాటి కాచిగూడ స్టేషన్‌లో ఈ రోజుకీ జనం రైలెక్కుతున్నారు. ఇలాంటి కట్టడాలు వయసు మీద పడి కూలవు. నీళ్లు దిగి కూలతాయి, ఆ నీటిని గోడలో బంధించే సిమెంటు వల్ల ఇంకా తొందరగా కూలతాయి. అందుకే ఈ ప్రసంగంలో ఎక్కువ భాగం నీటి గురించే.

మొదట నేల మట్టం చూడండి. గేజ్ మారినప్పుడు ప్లాట్‌ఫారం ఎత్తు పెంచుతారు. బ్రాడ్ గేజ్ ఎత్తు ప్లాట్‌ఫారం పట్టాల మీద నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఉంటుంది. పాత భవనం పునాది పీఠం అలా మట్టిలో, కాంక్రీటులో పూడిపోతుంది, గడప ప్లాట్‌ఫారం కన్నా కిందికి పోతుంది. వాన నీరు నేరుగా గోడలోకి దిగి నడుం ఎత్తు దాకా ఎక్కుతుంది, అక్కడ ఉప్పు పొక్కి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. గోడ వెంబడి అడుగున్నర వెడల్పు కాంక్రీటు తొలగించి, పాత పీఠం బయటపడేదాకా తవ్వి, నూరు అడుగులకు అడుగు వాలుతో కాలువ తీయాలి. పైన ఇనుప జాలీ వేస్తే నడవడానికీ ఇబ్బంది ఉండదు. దీన్ని వదిలేసి లోపల ఎన్ని రంగులు పూసినా ఏడాదిలో పెచ్చులూడతాయి.

తర్వాత పైకప్పు. షెడ్డు స్తంభాలు పోత ఇనుమువైతే ఒక పరీక్ష చెయ్యండి. వాటిలో చాలా లోపల బోలుగా ఉంటాయి, కొన్ని వాన నీటి గొట్టాలుగా కూడా పనిచేస్తాయి. పైన కాలువలో ఒక బక్కెట్ నీళ్లు పోసి స్తంభం మొదట్లో చూడండి. కింద నీళ్లు వచ్చాయంటే ఆ దారి బాగానే ఉంది. రాలేదంటే లోపల ఆకులైనా ఇరుక్కుని ఉండాలి, ‘బలం కోసం’ ఎవరో కాంక్రీటైనా పోసి ఉండాలి. నిలిచిన నీరు స్తంభాన్ని లోపలి నుంచే తినేస్తుంది. పోత ఇనుము పగిలితే మామూలు వెల్డింగ్ పెట్టకండి, పక్కనే మళ్లీ పగులుతుంది. బోల్టులతో బిగించే పట్టీ వేయించండి. పాత ఇనుము మీద ఎర్రటి రంగు కనిపిస్తే అది సీసం కలిసిన పూత కావచ్చు. తడిపి గీకాలి, పొడిగా రుద్దితే ఆ దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మంగళూరు పెంకులు చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. నూరు చదరపు మీటర్ల వాలు కప్పుకు 1,500, పగిలేవాటికి ఇంకో 150 కలుపుకోండి. దించేటప్పుడు ఒక్కొక్కటి వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటే మంచిది. ఒక్కో ఫ్యాక్టరీ పెంకు కొలత ఒక్కోలా ఉంటుంది, పాతదీ కొత్తదీ కలిపి పరిస్తే గాడి కూర్చోక అక్కడే కారుతుంది. మిగిలిన పాత పెంకులన్నీ ముందువైపు వాలుకు, కొత్తవి వెనక వాలుకు వేయడం మేలు.

చదును కప్పుల్లో పాత పట్టాలనే దూలాలుగా పెట్టి, వాటి మధ్య ఇటుకలతో చిన్న కమానులు కట్టినవి తరచూ కనిపిస్తాయి. ప్రతి కమానూ పక్క కమానును ఆనుకునే నిలబడుతుంది. గది పెద్దది చేద్దామని చివరి గోడ కూల్చినా, అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ కోసినా వరుసంతా పక్కకు జరుగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. పట్టా చివరలు గోడలోకి దూరే చోట తుప్పు చూడాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి గోడను చీలుస్తుంది, కప్పులో పగులు కనిపించక ముందే అక్కడ గోడ మీద నెర్రె కనిపిస్తుంది.

ఇక గోడలు. డంగుసున్నం గోడ ఊపిరి పీల్చే గోడ. దాని మీద సిమెంటు పూత ఉంటే చిన్న ఉలితో చేత్తోనే తీయించండి, మెషీన్ పెడితే ఇటుక ముఖం ఊడొస్తుంది. తీశాక ఒక ఎండాకాలమంతా ఆరనివ్వండి. సున్నాన్ని గుంటలో కనీసం రెండు వారాలు నాననిచ్చి, ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక కలిపి మెత్తగా నూరాలి. ఇందులో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ల పాళ్లు మేస్త్రీని బట్టి మారతాయి. అందుకని ముందు రెండడుగుల ముక్క వేసి, ఆరాక గోటితో గీకి చూడాలి. ఒక్కో పూత 12 మిల్లీమీటర్లు దాటకూడదు. పది రోజులు గోనెపట్టాలు కప్పి తడిగా ఉంచాలి. ‘గట్టిపడటానికి గుప్పెడు సిమెంటు వేద్దాం సార్’ అంటారు, ఒప్పుకోకండి. పైన సున్నమే వేయండి, ప్లాస్టిక్ పెయింటు వద్దు.

ఏ గదికి ఏ పని అన్నది బరువును బట్టి తేల్చండి. తరగతి గదికి చదరపు మీటరుకు 300 కిలోల బరువు లెక్కిస్తారు, పుస్తకాల బీరువాల వరుసలకు 600 కిలోలు. కాబట్టి బీరువాలు కింద అంతస్తులో, చదువుకునే బల్లలు పైన. గూడ్స్ షెడ్డు సమావేశాలకు బాగుంటుంది, కానీ దాని అరుగు దాదాపు మీటరు ఎత్తు. చక్రాల కుర్చీకి 1:12 వాలుతో 12 మీటర్ల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగడానికి చదును చోటూ కావాలి. మరుగుదొడ్లు భవనంలో పెట్టకండి, బయట విడిగా కట్టండి. కరెంటు తీగలు గోడ చెక్కకుండా పైపైనే గొట్టాల్లో తీసుకెళ్లండి. రైళ్లు తిరిగే వైపు తలుపులు మూసి, కంచె వేయించాలి.

డబ్బు సంగతి ఆఖర్న చెప్పినా అడగాల్సింది మొదటే. భూమి రైల్వేదే, మీకు దక్కేది వాడుకునే హక్కు మాత్రమే. ఒప్పందం పదేళ్లకు తగ్గితే పైకప్పు మీద పెద్ద ఖర్చు పెట్టకండి, పెట్టినా దాతలు అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబుండదు. ఆ కాగితంలో ఒక వాక్యం తప్పకుండా రాయించుకోండి: ఏటా మే నెలలో పైకప్పు కాలువలు శుభ్రం చేసే ఖర్చు ఎవరిది, ఆ పని అయిందని సంతకం పెట్టేది ఎవరు.