నాన్న కెమెరా, కుట్టు మిషన్ నూనె

టక్ మంది, విన్నారా? ఇంకోసారి నొక్కుతున్నాను, ఈసారి లెన్స్ లోపలికి చూడండి. చప్పుడైతే వస్తోంది గానీ వెలుతురుని లోపలికి వదిలే షట్టర్ రెక్కలు కదలట్లేదు. అంటే ఫోటో పడదన్నమాట.

హాయ్ అండీ. డాలస్ నుంచి వచ్చి ఇవాళ్టికి పది రోజులు. విద్యానగర్‌లో అమ్మావాళ్ళింట్లో ఉన్నాను. జెట్‌ల్యాగ్ పోయింది, మామిడిపళ్ళు అయిపోయాయి, బయట పొద్దుటి నుంచీ ముసురు. బట్టలు ఆరట్లేదని అమ్మ, బయటికి పంపట్లేదని పిల్లలు, ఇద్దరి గోల తప్పించుకోడానికి నాన్న బీరువా సర్దుతుంటే పైఅరలో తోలు కేసులో ఇది దొరికింది. కానన్ వాళ్ళ క్యానొనెట్ క్యూఎల్17 జీ-త్రీ. 1972లో వచ్చిన మోడల్. 40 ఎంఎం లెన్స్, ఎఫ్ 1.7. పెదనాన్న మస్కట్ నుంచి తెచ్చారు. నా అన్నప్రాసన ఫోటోలన్నీ దీంతో తీసినవే. కత్తి, పుస్తకం వదిలేసి నేను పక్కనున్న పళ్ళెం లాక్కుంటున్న ఫోటో కూడా.

మొదట్లో ఈ టక్ కూడా లేదు. బటన్ అసలు కిందికే దిగలేదు. ఇక్కడే చాలామంది కెమెరా పాడైందనుకుని బలంగా నొక్కేస్తారు. నొక్కకండి. లెన్స్ చుట్టూ ఉన్న ఈ రింగ్ చూడండి, 'ఏ' దగ్గరుంది. అంటే ఆటో. ఆటోలో ఉన్నప్పుడు వెలుతురు కొలిచే మీటరుకు సరిపడా వెలుతురు అందకపోయినా, బ్యాటరీ అయిపోయినా ఈ కెమెరా బటన్‌ని లాక్ చేస్తుంది. అది జబ్బు కాదు, జాగ్రత్త. రింగ్‌ని 'ఏ' నుంచి తప్పించి ఎఫ్ 8 మీద పెట్టగానే బటన్ దిగింది. షట్టర్‌కి బ్యాటరీతో పని లేదు, అంతా స్ప్రింగులే. బటన్ దిగాక తెలిసింది అసలు జబ్బు రెక్కల దగ్గరుందని.

"నాన్నా, ఇది ఎప్పుడు పట్టేసింది?"

"ఎప్పుడో తొంభైల్లోనమ్మా. నేనేం ఊరుకోలేదు. మీ అమ్మ కుట్టు మిషన్ నూనె చుక్క వేశా. రెండ్రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది."

ఆ రెండ్రోజులే కొంప ముంచాయి. తలుపు బందు కిర్రుమంటే నూనె, సైకిల్ చైనుకి నూనె, పట్టేసిన ప్రతిదానికీ నూనె మన ఇళ్ళలో. కానీ ఈ షట్టర్ రెక్కలు కాగితంకన్నా పల్చటి రేకులు, ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. అవి పూర్తిగా పొడిగా ఉండాలి. రెండు గాజు పలకల మధ్య నీటిచుక్క పడితే ఎలా అతుక్కుంటాయో, నూనె తగిలితే ఇవీ అంతే. అసలు నాన్న నూనె వేయకముందు కూడా పట్టేసింది నూనె వల్లే. ఫోకస్ రింగ్‌లో ఉండే గ్రీజు ఏళ్ళ తరబడి వేడికి విడిపోతుంది. అందులోని నూనె మెల్లగా పాకుతూ రెక్కల మీదికి చేరుతుంది, మిగిలిన గ్రీజు మైనంలా గట్టిపడుతుంది. అందుకే రెక్కలు అతుక్కున్న కెమెరాల్లో చాలాసార్లు ఫోకస్ రింగ్ కూడా బిగుసుకుపోయి ఉంటుంది.

నేనే విప్పుదామనుకున్నాను గానీ, నా చరిత్ర నాకు తెలుసు. డాలస్‌లో ముచ్చటపడి కొన్న జోర్కీ-4లో ఫిల్మ్ వైండ్ చేయకుండానే స్పీడు డయల్ తిప్పేశాను. ఆ రష్యన్ కెమెరాల్లో ముందు వైండ్ చేయాలి, తర్వాతే స్పీడు మార్చాలి. లోపల ఏదో కరకరమంది. ఇప్పుడది షెల్ఫ్‌లో అలంకారం.

కాబట్టి మర్నాడు కోఠీలో ఒక సందులో పాత కెమెరాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన టార్చి వేసి ఒక్క క్షణం చూసి, "తేల్ కౌన్ డాలే?" అన్నాడు, నూనె ఎవరు పోశారని. నాన్న సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు.

హవాయి చెప్పు ముక్కని గుండ్రంగా కోసి పెట్టుకున్నాడండీ, అదే ఆయన టూలు! దాన్ని లెన్స్ ముందు పేరున్న రింగ్‌కి ఆనించి తిప్పితే ఊడొచ్చింది. తర్వాత రెండు మొనల స్పానర్‌తో ముందు గాజు తీశాడు. రెక్కలు బయటపడ్డాయి, నూనెతో నల్లగా మెరుస్తూ. ఇయర్‌బడ్‌ని లైటర్ పెట్రోల్లో కొద్దిగా తడిపి తుడవడం, షట్టర్ కొట్టడం, మళ్ళీ తుడవడం. మొదటిసారి బద్ధకంగా తెరుచుకుని సగంలో ఆగింది. ఏడో ఎనిమిదో సారికి చటుక్కున మూసుకుంది. ఎక్కువ పోస్తే కరిగిన నూనె లోపలికి దిగి, మూడో రోజు మళ్ళీ పైకి వస్తుందట. ఇంట్లో చేయాలనుకుంటే కిటికీలు తెరిచి చేయండి, దేవుడి దగ్గర దీపం ఆర్పేశాక. అది పెట్రోలండీ.

లెన్స్ అంచున సాలెగూడులా ఈ పోగులు చూశారా? ఫంగస్. అమ్మ చూసి బూజు అంది, కరెక్టే. వానాకాలం తేమ, చీకటి, పైగా తోలు కేసు. దానికి అంతకన్నా ఏం కావాలి? తుడిస్తే పోయింది గానీ, కోటింగ్‌ని తిన్నచోట సన్నటి మచ్చ మిగిలింది. ఎండకి ఎదురుగా తీస్తే తప్ప ఫోటోలో కనిపించదు. వెనక తలుపు చుట్టూ ఉండే ఫోమ్ తారులా కరిగిపోయింది, దాన్ని గీకి నల్ల ఊలు దారం అంటించాడు. వ్యూఫైండర్ లోపలి అద్దం మాత్రం ముట్టుకోలేదు. దానికి సగం వెండి పూత ఉంటుంది, దూదితో రుద్దితే పూత ఊడొస్తుంది.

దీనికి కావాల్సింది 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్, అది ఇప్పుడు తయారవట్లేదు. బదులుగా నానమ్మ చెవి మిషన్ సెల్, 675 నంబరుది వేశాను. సైజు చిన్నది, చుట్టూ రబ్బరు రింగ్ పెడితే సరిపోయింది. 1.4 వోల్టులు, మీటరు సూది లేచింది. స్టిక్కర్ తీసి ఒక నిమిషం గాలి తగలనివ్వాలి. నానమ్మకి చెప్పే తీసుకున్నాను లెండి, రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఉన్నాం. వాన వెలిసింది. ఇది రేంజ్‌ఫైండర్ కెమెరా, మనం చూసేది లెన్స్ లోంచి కాదు, పక్క కిటికీలోంచి. మధ్యలో పసుప్పచ్చ చోట బొమ్మ రెండుగా ఉంటుంది, ఫోకస్ రింగ్ తిప్పితే రెండూ కలుస్తాయి, కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియడానికి రింగ్‌ని దూరం చివరికి తిప్పి బుద్ధుణ్ణి చూస్తున్నాను. కాస్త దూరంగా నీళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు, ఇంతకన్నా మంచి గురి ఏముంటుంది? రెండు తలలూ ఒకటయ్యాయి. పైకీ కిందికీ తేడా కూడా లేదు.

"ఇలా ఇవ్వమ్మా, మీ అమ్మని ఒకటి తీస్తా."

నాన్న రింగ్‌ని 'ఏ'కి తిప్పారు, అమ్మ కొంగు సర్దుకుంది, నాన్న నొక్కారు. మళ్ళీ నొక్కారు.

"మళ్ళీ పట్టేసిందే! ఆ కోఠీ ఆయన ఏం చేశాడో ఏమో. ఇంటికెళ్ళి ఒక్క చుక్క..."

"నాన్నా, మీటరు కన్ను లెన్స్ రింగ్‌లోనే ఉంది. ముందు ఆ మూత తీయండి."